దుబాసమ్మ ఇంకా ముగించలేదు

విచారణ గదికీ ఇస్త్రీ గదికీ మధ్య ఒకటే గోడ. అవతల రోలర్లు తిరుగుతున్నంతసేపూ ఇవతల ఆ గోడ జ్వరం వచ్చిన పిల్ల వీపులా వెచ్చగా ఉంటుంది. ఇంగ్లీషు, తెలుగు మాటల్ని అటూ ఇటూ అందించే దుబాసమ్మ తన కుర్చీని బల్లకి సరిగ్గా మధ్యలో వేసుకుంది. ఎవరి పక్కనా కూర్చోకూడదన్నది ఆమె వృత్తిలో మొదటి పాఠం. కుడి కొసన కంపెనీ పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి, ఆయన పక్కన ప్రతి మాటనీ టైపు చేసే ఆవిడ. ఎడమ కొసన, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ చేతుల్నే చూసుకుంటున్న మరిదిగారు.

లాండ్రీలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అక్కడి సూపర్‌వైజరు అతని వదిన. పనిలో చేర్చిన రోజున "వీడు నా మరిది, కాస్త పని నేర్పండి" అని ఆవిడ నలుగురికీ చూపించింది. అంతే, అతను లోకానికంతటికీ మరిదిగారయ్యాడు, ఆవిడ అందరికీ వదిన అయింది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా "వదినా, సబ్బు పొడి అయిపోయింది" అనే అంటారు.

హోటళ్ళ దుప్పట్లు అక్కడికి వస్తాయి. ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరో అంచు పట్టుకుని వేడి రోలరు కిందకి అందిస్తే, అది అవతలివైపు నున్నగా బయటికి వస్తుంది. రోలరు నోటి ముందు ఒక సన్నని కడ్డీ ఉంటుంది. వేళ్ళు దానికి తగిలితే చాలు, యంత్రం ఠక్కున ఆగుతుంది. చిక్కేమిటంటే తడి దుప్పటి ఉబ్బి తగిలినా ఆగుతుంది. పని నెత్తిమీద ఉన్న రోజున అలా మాటిమాటికీ ఆగుతుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అలాంటి ఒక రోజున ఎవరో పాత దిండు గలీబు చింపి, ఆ పేలికతో కడ్డీని వెనక్కి లాగి కట్టేశారు. ఆ మధ్యాహ్నమే, కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యి దుప్పటితోపాటు లోపలికి వెళ్ళింది. మరిదిగారు ఒక్క ఉదుటున వెళ్ళి కరెంటు ఆపాడు కాబట్టి చెయ్యి దక్కింది. రెండు వేళ్ళు మాత్రం ఇక మడతపడవన్నారు డాక్టర్లు.

రోలరు మరిదిగారిది, కాబట్టి కట్టింది అతనే అనుకున్నారు. ఎవరు కట్టారో తెలియదని వదిన చెప్పింది. అమ్మాయి చూడలేదంది. ఈ రోజు అతను తన మాట చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే ఉద్యోగం పోతుంది. ఆడపిల్ల చెయ్యి నలగ్గొట్టినవాడని పేరు పడ్డాక ఇంకే లాండ్రీ అతన్ని గడప తొక్కనివ్వదు. రోలరు తప్ప అతనికి వేరే పని రాదు.

లోపలికి రాకముందు, నడవాలో, అతను దుబాసమ్మని మెల్లగా అడిగాడు.

"ఏవండీ, ఆయన మంచివాడేనా?"

"నేను చెప్పకూడదండీ."

"మంచివాడని చెప్పడానికి కూడా రూలు అడ్డొస్తుందా?"

"ఏదీ చెప్పకూడదు. మీ మాట ఆయనకీ, ఆయన మాట మీకూ అందిస్తాను. అంతే."

"పోస్టుమ్యాను లాగా."

"పోస్టుమ్యాను కనీసం గుమ్మంలో రెండు కబుర్లు చెబుతాడు. నాకు అదీ లేదు."

అతను నవ్వబోయాడు. నడవా చివర బెంచీ మీద, ఏప్రను మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వదిన వైపు చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

రెండు భాషల మధ్య మాటలు మోసే ఆ పనిలో ఒక వింత ఉంది. అవతలి మనిషి "నేను" అంటే ఆమె కూడా "నేను" అనాలి. రోగి "నాకు గుండె దడగా ఉంది" అంటే తన గుండె నిమ్మళంగా ఉంచుకుని, "నాకు గుండె దడగా ఉంది" అని ఇంగ్లీషులో అనాలి. రోజుకి ఎంతమంది అవుతుందో ఆమె! పొద్దున ఒక బాలింత, మధ్యాహ్నం అద్దె కట్టని ముసలాయన, సాయంత్రం స్కూల్లో కొట్టుకున్న పిల్లాడి తండ్రి. మరి సొంతంగా ఒక మాట చెప్పాల్సి వస్తే? అప్పుడు తనని తానే పరాయి మనిషిలా పిలుచుకోవాలి. "దుబాసీకి ఆ మాట వినపడలేదు." "దుబాసీకి మంచినీళ్ళు కావాలి." ఆ గదుల్లో ఆమె గొంతుకి మిగిలిన చోటు సూది బెజ్జమంత.

ఒక సాయంత్రం అలసటలో ఇంట్లో కూడా నోరు జారింది. "అత్తయ్యా, దుబాసీకి ఆకలేస్తోంది."

"దుబాసీనే వండుకోమను," అంది అత్తయ్య కూర తరుగుతూ. "నా కోడలు వస్తే మాత్రం పెడతాను."

ఇంగ్లీషువాళ్ళ నోట ఆమెకి మాటిమాటికీ తగిలే మాట ఒకటుంది, మూవ్ ఆన్. తలుపు గడియంత చిన్న మాట. దానితో వాళ్ళు ఎన్ని తలుపులు వేస్తారో, ఎన్ని తెరుస్తారో ఆమె ఇన్నేళ్ళుగా వింటూనే ఉంది. ఈ మందు పనిచేయడం లేదు, ఇంకోదానికి మూవ్ ఆన్ అవుదామంటాడు డాక్టరు. లెక్కలు అయ్యాయి, ఇక అల్లరి సంగతికి మూవ్ ఆన్ అవుదామంటుంది టీచరు. దుకాణం మెట్ల మీద చతికిలబడ్డ మనిషిని కాపలావాడు లేపేదీ ఆ మాటతోనే. పాత ఉద్యోగం ఏమైందని అడిగితే, మానేశాడో మాన్పించారో తెలియనివ్వకుండా, మూవ్ ఆన్ అయ్యానని చిరునవ్వు నవ్వుతాడొకడు. విడిపోయిన భార్య గురించి అడిగితే, ఆమె మూవ్ ఆన్ అయిందంటాడు ఇంకొకడు. అంటే మరొకరు దొరికారని. ఆ ఒక్క మాటలో ఇంకొకరి ఇల్లు, ఇంకొకరి చెప్పులు, కొత్త కర్టెన్లు అన్నీ ఇమిడిపోతాయి.

మనవాళ్ళయితే ఒక సంగతి తెగకపోతే "అది పక్కన పెడదాం" అంటారు. సంగతి పక్కకి జరుగుతుంది, మనుషులు ఉన్నచోటే ఉంటారు. కావాలంటే చెయ్యి చాచి మళ్ళీ అందుకోవచ్చు. ఇంగ్లీషులో సంగతి దారిలో నిలబడే ఉంటుంది, మనుషులు దాన్ని వదిలి నడిచిపోతారు. నడిచినవాళ్ళకి అది మెల్లమెల్లగా చిన్నదవుతుంది. దారిలో ఉండిపోయినవాడికి మాత్రం వాళ్ళ వీపులు కనిపిస్తాయి. ఈ తేడాని ఆమె ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. అనడం ఆమె పని కాదు.

భర్త పోయిన తర్వాత, దుబాసీలని పంపే ఏజెన్సీలో పని పంచే ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని నిజమైన ప్రేమతోనే అంది, ఇక మీరు మూవ్ ఆన్ అవ్వాలి అని. ఆ మాటని దుబాసమ్మ ఇంటికి మోసుకొచ్చి అత్తయ్య ముందు పెట్టింది.

"ముందుకి సాగమంటున్నారు అత్తయ్యా."

"ఎక్కడికి?"

"ఎక్కడికని కాదు. ఊరికే, ముందుకి."

అత్తయ్య చాలాసేపు ఆలోచించింది. "వాడు పోయాడు, సరే. మనం కూడా పోవడమెందుకే?" అంది. తర్వాత ఇద్దరూ, నవ్వకూడదేమో అనుకుంటూనే నవ్వారు.

ఆ ఏజెన్సీ ఆవిడే కిందటి చలికాలంలో కోపంగా ఫోన్ చేసింది. ఆస్పత్రిలో ఒక ముసలమ్మ, డాక్టరు చెప్పినదానికల్లా భయంతో తల ఊపుతుంటే, "ఈవిడకి అర్థం కాలేదు" అని దుబాసమ్మ తనంతట తానుగా అనేసింది. "మీరు గొంతు మాత్రమే. ఇంకోసారి ఇలా జరిగితే మిమ్మల్ని ఎక్కడికీ పంపను," అంది ఆవిడ. ఆ మాట ఇప్పటికీ దుబాసమ్మ చెవిలో, స్నానం చేశాక మిగిలిన నీటిచుక్కలా, తల ఆడించినప్పుడల్లా కదులుతుంది.

విచారణాధికారి చెడ్డవాడు కాదు. మరిదిగారికి తన చేత్తో నీళ్ళు పోసి ఇచ్చాడు. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి అన్నాడు. మొదటి ప్రశ్నలు సులువుగానే వెళ్ళాయి. ఎప్పటినుంచి పనిచేస్తున్నారు, రోలరు దగ్గర ఎంతమంది ఉంటారు, కడ్డీ ఎందుకుందో మీకు చెప్పారా. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

"ఆ పేలిక గురించి మీకేం తెలుసు?"

మరిదిగారు గొంతు సవరించుకున్నాడు. "అది చెప్పాలంటే మొదట్నుంచి చెప్పాలండీ. మా అన్న పోయేనాటికి నేను బడికి వెళ్తున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. అప్పుడు మా వదిన..."

ఆమె ఆ మాటల్ని అందించింది. అధికారి ముఖంలో జాలి కదిలింది, దాని వెంటే చూపు గడియారం మీదకి కదిలింది. మీ అన్నగారి గురించి విని బాధగా ఉంది, అన్నాడు. ఇక ప్రమాదం జరిగిన రోజుకి మూవ్ ఆన్ అవుదాం.

"మీ అన్నగారి గురించి విని బాధగా ఉంది," అంది దుబాసమ్మ తెలుగులో. "ఇక ప్రమాదం జరిగిన రోజు దగ్గరకి వెళ్దాం."

మరిదిగారు తెరిచిన నోరు మూశాడు. దూరం నుంచి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చే మనిషిని వీధి మొదట్లోనే ఆపి, నేరుగా గుమ్మంలో ప్రత్యక్షం కమ్మన్నట్టయింది.

"ఆ రోజు పొద్దున మీకు పని ఎవరు పంచారు?"

"సూపర్‌వైజరు గారు."

"ఆ పేలిక ఎవరు కట్టారో మీరు చూశారా?"

అతను అరచేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. గోడ అవతల ఆవిరి బుస్సుమంది. టైపు చేసే ఆవిడ వేళ్ళు గాల్లో ఆగాయి. అధికారి మర్యాదగా కాసేపు ఆగాడు, ఆయనకి తెలిసిన కాసేపు. తర్వాత ఫర్వాలేదులెండి, మూవ్ ఆన్ అవుదాం అన్నాడు.

ఆమె తెలుగులో చెప్పింది. చెబుతుంటే నాలుక మీద ఏదో ఇసుకలా తగిలింది. ఆయన చెవికి ఆ నిశ్శబ్దం ఖాళీ కుర్చీ. ఆమె చెవికి అందులో మనిషి కూర్చుని ఉన్నాడు. చెప్పకూడని మాటని చెప్పబోయే ముందు మనవాళ్ళు మొదట మౌనంలోకి దిగుతారు, చన్నీళ్ళలోకి దిగినట్టు, ముందు పాదం, తర్వాత మోకాలు. నడుము దాకా దిగినవాణ్ణి ఇప్పుడు ఆయన గట్టు మీదకి పిలిచాడు. పిలిచిన గొంతు మాత్రం ఆమెది.

ఇంకా కొన్ని ప్రశ్నలు నడిచాయి. స్విచ్ ఎక్కడుంది, అమ్మాయి ఏమని అరిచింది. మరిదిగారి జవాబులు కురచయ్యాయి. ఊఁ. లేదండీ. తెలియదండీ. ప్రతి "తెలియదు"తో అతని ఉద్యోగం గుమ్మం వైపు ఒక అడుగు జరుగుతోందని ఆ గదిలో అతనికి తప్ప అందరికీ కనిపిస్తోంది. కాదు, అతనికీ కనిపిస్తోంది.

చివరికి అధికారి కళ్ళజోడు తీశాడు. "మీరింకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

ఆమె అడిగింది. మరిదిగారు తల ఎత్తాడు. ఎవరినీ చూడలేదు. తలుపు వైపు, తలుపు అవతల నడవా వైపు చూశాడు. పెదవులు ఒకసారి కదిలాయి.

ఏమీ రాలేదు.

అధికారి పెన్నుకి మూత పెట్టాడు. చిన్న టిక్కుమన్న చప్పుడు. సరే, అయితే నిర్ణయానికి మూవ్ ఆన్ అవుదాం, అన్నాడు.

ఇప్పుడు ఆమె నోరు తెరవాలి. తెరిచి, ఆ మాటని తెలుగు చేయాలి. చేసిన మరుక్షణం అతను తల ఊపుతాడు. పెద్దవాళ్ళు అయిపోయిందంటే అయిపోయినట్టే అనుకునే మనిషి. లేచి, కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందకి తోసి వెళ్ళిపోతాడు. ఇతనికి చెప్పాల్సింది ఉందని ఆమె అనకూడదు. అంటే అతని పక్షాన కూర్చున్నట్టే. ఏజెన్సీ ఆవిడ ఫోను, ఇంటి అద్దె, అత్తయ్య మోకాళ్ళ మందు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆమె ఇంగ్లీషులోనే అంది. "దుబాసీ ఇంకా ముగించలేదు."

అధికారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఆయన ఏమీ అనలేదే?"

"అవును," అందామె. "దుబాసీ దాన్ని ఇంకా ముగించలేదు."

టైపు చేసే ఆవిడ ఆమె వైపు చూసి, తర్వాత తెర వైపు చూసి, ఏం కొట్టాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అధికారి ఏదో అనబోయాడు. దుబాసమ్మ చూపు బల్ల మీదే ఉంది. అతని కోసం వేడుకోలేదు, అతన్ని ప్రోత్సహించలేదు, దగ్గలేదు కూడా. ఊరికే కూర్చుంది, అతను మౌనంగా ఉన్నంత మౌనంగా. అతని మౌనాన్ని అవతలి ఒడ్డుకి చేర్చడానికి ఆమెకి తెలిసిన పద్ధతి అదొక్కటే. గోడ అవతల రోలరు ఆగింది, మళ్ళీ తిరిగింది. అధికారి పెన్ను మూత తీయలేదు. కానీ లేవనూ లేదు.

"మా వదిన నన్ను పెంచిందండీ," అన్నాడు మరిదిగారు.

ఈసారి ఎవరూ ఆపలేదు.

"మా అన్న పోయాక పుట్టింటికి రమ్మంటే వెళ్ళలేదు. నన్ను చూపించి, వీడికి అన్నం ఎవరు పెడతారంది. ఈ లాండ్రీలో సబ్బు నీళ్ళ తొట్లు కడిగే పని నుంచి మొదలుపెట్టింది. నాకు పనిప్పించింది. ఆ పేలిక..." ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఆ పేలిక కట్టింది మా వదినేనండీ. ఆ పూటకి దుప్పట్లు పంపకపోతే పైవాళ్ళు తిడతారని కట్టింది. నేను చూశాను. చూసి, వదిన కట్టింది కదా అని విప్పలేదు. ఆ పిల్ల దాని ముందు నిలబడితే, జాగ్రత్తమ్మా అని కూడా అనలేదు. కట్టడం నా తప్పు కాదు. విప్పకపోవడం మాత్రం నాదే."

దుబాసమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో వదినకీ మరదలికీ ఆడపడుచుకీ అందరికీ ఒకటే మాట, కాయితం మీద సీలులాంటి మాట. అందుకని "నన్ను పెంచింది" అన్న అతని మాటనే పట్టుకుని ఆ వాక్యాన్ని మోసింది. "నేను చూశాను," అంది. "నేను విప్పలేదు," అంది. ఎన్నో వేలసార్లు ఎవరెవరి తరపునో అన్న "నేను", ఆ పూట ఆమె గొంతులో కొద్దిగా వణికింది.

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత వదినని పిలవమన్నాడు.

మరిదిగారు లేచి వెళ్ళి తలుపు తెరిచేసరికి నడవాలో వదిన నిలబడే ఉంది. మరిది ముఖం చూసింది. అడగాల్సిన పని లేకపోయింది, అయినా అడిగింది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను వదినా."

ఆవిడ చెయ్యి లేచింది. కొడుతుందేమో అనుకుంది దుబాసమ్మ. ఆ చెయ్యి అతని చొక్కా కాలరు మీద పడి, లోపలికి మడిచిపోయిన అంచుని పైకి తీసింది.

"ఇంత కాలరు నలిగిపోయి అంత పెద్దాయన ముందు కూర్చున్నావా, సన్నాసీ."

"వదినా..."

"మాట్లాడకు. నీతో నాకు మాటల్లేవు."

ఆవిడ లోపలికి వచ్చి, అతను లేచిన కుర్చీలోనే కూర్చుంది. దుబాసమ్మ ఒక గుక్క నీళ్ళు తాగింది. ఇంతసేపూ మరిదిగా మాట్లాడిన నోటితోనే ఇప్పుడు వదినగా మాట్లాడాలి. అధికారి ఇంకా ప్రశ్న పూర్తిచేయలేదు, ఆవిడే అందుకుంది.

"కట్టింది నేనే. తెలియదని అబద్ధం చెప్పాను. వీడు నా పేరు చెప్పడని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే చెప్పాను. అది కూడా రాసుకోమనండి."

"కట్టింది నేనే," అంది దుబాసమ్మ ఇంగ్లీషులో. "తెలియదని అబద్ధం చెప్పాను." మిగతాది కూడా, ఒక్క మాట తగ్గకుండా, ఒక్క మాట కలపకుండా.

సాయంత్రానికి నిర్ణయం చెప్పారు. మరిదిగారి ఉద్యోగం ఉంటుంది, పేలికని విప్పనందుకు హెచ్చరికతో. వదిన ఇక సూపర్‌వైజరు కాదు. అసలు పనిలో ఉంటుందో లేదో పెద్ద ఆఫీసు తేల్చాలి. అధికారి కోటు వేసుకుంటూ దుబాసమ్మ దగ్గర ఆగాడు. మీరు చేసింది పద్ధతిలో ఉందో లేదో నాకు తెలియదు, ఏజెన్సీకి చెప్పక తప్పదు అన్నాడు. జరిగింది జరిగినట్టే చెప్పండి, అందామె. అలాగే చెబుతాను, అన్నాడాయన. అది బెదిరింపో మాట ఇవ్వడమో ఆమెకి అంతుపట్టలేదు.

బస్సులో వదినా మరిదీ దుబాసమ్మకి ముందు ఉన్నారు. పలకరించకూడదు కాబట్టి ఆమె వెనక సీట్లో కూర్చుంది. వదిన కిటికీ పక్కన కూర్చుని, తన సంచీని పక్క సీట్లో పెట్టింది. మరిదిగారు, బస్సంతా ఖాళీగా ఉన్నా, ఆ సీటు పక్కనే పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అతని నీడ ఆవిడ భుజం మీద పడి లేస్తోంది. ఒక స్టాపు పోయింది. ఇంకోటి పోయింది. అద్దంలో వదిన ముఖం, దాని మీదుగా దుకాణాల దీపాలు జారిపోతున్నాయి.

చాలా దూరం వెళ్ళాక ఆవిడ సంచీని ఒళ్ళోకి తీసుకుంది. తల తిప్పకుండానే అంది.

"కూర్చో. అలా నిలబడితే నీ ముఖం చూడ్డానికి నాకు మెడ నొప్పెడుతుంది."

"నువ్వు చూడ్డంలేదుగా వదినా."

"చూడాలనుకుంటే, అని."

అతను కూర్చున్నాడు, సీటు అంచున, లేవమంటే లేవడానికి వీలుగా.